ఎడమ పక్క పిట్టలు

ఇంటి నుంచి,
వానలు తగ్గుముఖం పట్టిన వారం

తమ్ముడికి అక్క రాసేది.

ఇక్కడ అంతా బాగానే ఉంది అని రాద్దామని కూర్చున్నాను. ఆ మాట రాసేలోపే పైకప్పు మీద ఏదో దొర్లింది. పిల్లి దూకిందో, పెంకు జారిందో అని బయటికి వెళ్ళి చూసి వచ్చాను. పిల్లే. కాబట్టి బాగానే ఉంది.

నీ ఉత్తరం కంపెనీ ఆఫీసు నుంచి నిన్న చేరింది. తలుపు గొళ్ళెం తగిలి భుజం కమిలిందని ఒక్క ముక్క రాసి, ఆపైన గాలి ఎటు వీస్తోందో రెండు పేజీలు రాశావు. గాలి నాకెందుకురా? ఏ భుజం? గొళ్ళెం తుప్పు పట్టిందా? సూది మందు వేయించుకున్నావా? చుక్కాని దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు వాస్తున్నాయా? కొత్త కెప్టెను కోపిష్టి అన్నావు, ఎదురు మాట్లాడకు. రైలింగుకు ఆనుకోకు. పాత ఇనుము ఎప్పుడు ఊడుతుందో ఎవరికి తెలుసు.

షాపుకి ఈ వారం బడిపిల్లల చొక్కాలు వచ్చాయి. నూట ఎనభై చొక్కాలు, ఒక్కోదానికి ఏడు కాజాలు. అన్నీ నావే. మధ్యలో ఆగి నీకు రాస్తుంటే టైలరు ఎగతాళి. "పెద్దమ్మా, సముద్రంలో నీళ్ళు ఎక్కువగా ఉన్నాయేమో, జాగ్రత్తగా చూసుకోమని అది కూడా రాయి" అంటాడు. వాడికేం, వాడి తమ్ముడు పక్క వీధిలో ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

ఫోను చెయ్యమనకు. నీ గొంతు వినగానే ఏడుపొచ్చి అడగవలసినవన్నీ మర్చిపోతాను. కాగితమైతే ఒకటీ వదలను.

నీ అక్క

ఓడ మీద నుంచి,
రేవు ఇంకా నాలుగు రోజుల దూరం

అక్కా,

ఎడమ భుజం. తుప్పు లేదు. సూది మందు వేశారు. కాళ్ళు వాయలేదు. రైలింగు గట్టిగానే ఉంది. అలిసిపోయింది నేనే, నీ ప్రశ్నలకి. ఇక నా కబురు విను.

మొన్న తెల్లారేసరికి మా ఓడ నిండా పిట్టలు! నీ బొటనవేలంత ఉంటాయేమో ఒక్కోటి. పొట్ట పసుపు, వీపు ఆకు రంగు. చలి దేశాల నుంచి వెచ్చటి దేశాలకు పోతూ, దారిలో ఎదురుగాలి తగిలి రెక్కలు అలిసిపోయాయట. కింద నీళ్ళు తప్ప ఏమీ లేనిచోట మా ఓడ దొరికింది. తాళ్ళ మీద, సరుకు గదుల మూతల మీద, ఆరేసిన చొక్కాల మీద, ఎక్కడ పడితే అక్కడ కూర్చున్నాయి. మనిషి దగ్గరికెళ్ళినా లేవవు. లేచే ఓపిక ఉంటే కదా. వంటాయన డబ్బా మూతల్లో మంచినీళ్ళు పెట్టాడు. రొట్టె పొడి వేస్తే ముట్టలేదు, వాటికి పురుగులే కావాలట. "నా వంటకు వంక పెట్టని వాళ్ళు లేరు, ఇప్పుడు పిట్టలు కూడానా" అని గొణుక్కున్నాడు పాపం.

ఈ ఓడ మీద రెండో ఆఫీసరు ఒక అమ్మాయి. పాతికేళ్ళు దాటి ఉండవు. పిట్టల సంఘం వాళ్ళు ఓడలకి కాగితాలు పంచుతారట, ఏ రోజు ఏ పిట్ట ఎన్ని దిగాయో రాయాలి. నేను కాపలాలో ఉన్నాను. కాపలా అంటే తెలుసుగా, ముందు ఏముందో చూసి చెప్పడం, కళ్ళు తప్ప వేరే పనిముట్టు లేని పని. మా మీద భరోసాతోనే లోపల ఇరవై ఇద్దరు నిద్రపోతారు. "అన్నా, ముందు డెక్కు మీద ఎన్నున్నాయో చెప్పు" అంది. పంతొమ్మిది అన్నాను. తను నలభై ఏడు లెక్కపెట్టింది! "ఎడమ పక్కవి నాకు వదిలేశావా ఏంటి?" అని నవ్వింది. అవి ఎగిరి ఎగిరి కూర్చుంటాయి కదా, ఇద్దరి లెక్క ఎలా కలుస్తుంది?

ఒక్కటే బాధ. దిగి వస్తుంటే ఒకటి నా బూటు కింద పడింది. ఎడమ కాలి పక్కనే కూర్చుని ఉందట. నేను చూసుకోలేదు. ఆ రోజంతా అన్నం సయించలేదు.

నీ తమ్ముడు

ఇంటి నుంచి,
నీ ఉత్తరం చేరిన రోజే

తమ్ముడూ,

మూడుసార్లు చదివాను. మొదటిసారి వంటాయన మాటకు నవ్వాను. రెండోసారి నీ బూటు దగ్గర ఆగాను. మూడోసారి చేతిలో సూది కింద పెట్టేశాను.

ఎడమ భుజం. ఎడమ పక్క పిట్టలు. ఎడమ కాలు.

నీకు నాన్న అంటే గుడ్డివాడిగానే తెలుసు. ఎలా మొదలైందో తెలీదు, అప్పటికి నువ్వు పాకుతున్నావు. నాన్న గడియారాలు బాగుచేసేవాడు. ఆవగింజంత మర కిందపడితే వెతికి తీసేవాడు. అదే మనిషి పక్కన నిలబడ్డ అమ్మను గుద్దుకునేవాడు. కుడిచేతి పక్కన పెట్టిన నీళ్ళ చెంబు రోజూ దొర్లించేవాడు. ద్వారబంధం తగిలి భుజం కమిలేది. "మీ నాన్న తలుపులతో కుస్తీ పడుతున్నాడే" అని అమ్మ అనేది, మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. మరను చూడగలిగినవాడికి కళ్ళు పోతున్నాయని ఎవరనుకుంటారు? రెండేళ్ళు నవ్వాం. మూడో ఏడు నాన్న పట్టపగలు నన్ను పిలిచి, దీపం వెలిగించమన్నాడు.

నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి, చుట్టూ అంచుల నుంచి చూపును తినుకుంటూ వస్తుందట. నడిమధ్య చివరిదాకా మిగులుతుంది. అందుకే తెలియదు.

ఆ ఆఫీసరమ్మను అడుగు. ఒక కన్ను మూసుకుని నేరుగా ముందుకు చూడు. ఆమెను వెనకనుంచి పక్కగా చెయ్యి ఊపుతూ ముందుకు రమ్మను. ఎక్కడికొచ్చాక చెయ్యి కనపడిందో చెప్పు. రెండో కన్నుతో కూడా చెయ్యి. అంతదాకా కాపలాకి నిలబడకు. ఇరవై ఇద్దరని నువ్వే రాశావు. వాళ్ళకీ అక్కలుంటారు.

నేను ప్రతిదానికీ భయపడతానని నాకూ తెలుసు. ఇది ఆ భయం కాదు. ఆ భయాలకు గుండె దడదడలాడుతుంది. ఇప్పుడు చేతులు చల్లబడ్డాయి.

అక్క

రేవు నుంచి,
సరుకు దించుతుండగా

అక్కా,

నాకు ఎవరూ చెయ్యి ఊపనక్కర్లేదు. ఓడ ఎక్కేముందు కంపెనీ డాక్టరు గోడ మీద అక్షరాలు చదివించాడు. అట్టడుగు వరుస దాకా తడుముకోకుండా చదివాను. ఆ సర్టిఫికెట్టు కెప్టెను బీరువాలో ఉంది. ఈ ఓడ మీద నన్ను పేరుపెట్టి ఎవరూ పిలవరు తెలుసా? డేగన్న అంటారు. ఊరికే అనరు.

నువ్వు భయపడనిది ఏదైనా ఉందా చెప్పు. నేను ఈత నేర్చుకుంటానంటే భయం. సైకిలు ఎక్కితే భయం. పెళ్ళి కుదిరితే భయం, తప్పిపోతే భయం. నువ్వు భయపడినవన్నీ జరిగి ఉంటే నేను ఇప్పటికి పదిహేనుసార్లు చచ్చి ఉండాలి.

ఒక్కటి అర్థం చేసుకో. కళ్ళు అనే మాట కెప్టెను చెవిన పడితే ఆ రోజే నన్ను కాపలా నుంచి తీసేస్తారు. తర్వాతి రేవులో దింపేస్తారు. కళ్ళు బాగాలేక దిగినవాణ్ణి ఏ ఓడా మళ్ళీ ఎక్కించుకోదు. ముప్ఫై మూడేళ్ళు నీళ్ళ మీద బతికినవాణ్ణి. నేల మీద నాకేం పని వచ్చని?

ఈ సంగతి ఇంకెప్పుడూ రాయకు.

పిట్టలు ఇంకా దిగుతున్నాయి. లెక్కపెట్టడం మానేశాను.

తమ్ముడు

ఇంటి నుంచి,
చలి మొదలైంది

తమ్ముడూ,

ఎందుకు మానేశావో నువ్వు రాయలేదు. నేను అడగను. ఇప్పుడు చెప్పవలసింది నేను.

నా కళ్ళల్లో కూడా అదే జబ్బు ఉంది. ఆరేళ్ళయింది.

గుండీ కిందపడితే ఎటు పడిందో కనపడక, కళ్ళద్దాలు మార్చుకుందామని కళ్ళాసుపత్రికి వెళ్ళాను. ఒక పెట్టెలో గడ్డం ఆనించి కూర్చోమన్నారు. లోపల తెల్లగా ఉంటుంది. చుక్క వెలిగితే చేతిలో మీట నొక్కాలి. వెలిగిన ప్రతిసారీ నొక్కాను. ఒక్కటి కూడా తప్పలేదని గర్వంగా లేచాను. డాక్టరమ్మ కాగితం చూపించి, "ఇంకా ఇరవై ఆరు వెలిగాయమ్మా" అంది. నేను నమ్మలేదు. యంత్రం చెడిపోయిందన్నాను.

అదిరా సంగతి. కనపడనిచోట నల్లగా ఉండదు. బొక్క ఉండదు. అసలు అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. నీకు పంతొమ్మిది పిట్టలే ఉన్నాయి. నువ్వు అబద్ధం చెప్పలేదు.

రోజూ రెండు పూటలా మందు చుక్కలు వేసుకుంటున్నాను. పోయింది రాలేదు. ఉన్నది పోలేదు. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను.

ఆ రోజు డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది. "ఇది రక్తంలో వచ్చేది. తోడబుట్టినవాళ్ళు ఉన్నారా? వెంటనే చూపించుకోమనండి" అని. నాకు ఒక తమ్ముడున్నాడని ఆమెకు చెప్పానా అంటే, చెప్పాను. ఆ తమ్ముడికి చెప్పానా అంటే, చెప్పలేదు.

ఆరేళ్ళలో నీకు ఎన్ని ఉత్తరాలు రాశాను! దోమల గురించి రాశాను. నీ బనీన్ల గురించి రాశాను. ఈ ఒక్క వాక్యం రాయలేదు.

ఇందులో మూయని కవరు ఇంకోటి ఉంది. అది మీ కెప్టెనుకు. మన నాన్న సంగతి, నా సంగతి, నీ కళ్ళు చూపించమని. నాకొచ్చిన భాషలోనే రాశాను. నువ్వే చేత్తో ఇయ్యి. అలాంటిదే రెండోది టైలరు దగ్గర పెట్టాను. నెల తిరిగేలోపు ఇచ్చానని నీ దగ్గర్నుంచి కబురు రాకపోతే వాడు కంపెనీ ఆఫీసుకు పట్టుకెళ్తాడు. ఈసారి వాడు నవ్వలేదు.

నన్ను ఎంత తిట్టినా పడతాను.

అక్క

ఓడ మీద నుంచి,
లంగరు వేసి ఉన్నాం

అక్కా,

నీ కవరు ఎనిమిది రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఇవ్వలేదు. చించలేదు. తొమ్మిదో రోజు జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఉదయం కాపలా. ఎండ పడింది, సముద్రం పళ్ళెంలా ఉంది. పిట్టలు మళ్ళీ దిగాయి. నేను ఎడమ చివర నిలబడ్డాను. ఆఫీసరమ్మ లోపల నుంచి "ముందు ఏముంది అన్నా?" అని కేకేసింది. ఖాళీ అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్తున్నా, నాకు ఖాళీయే.

ఆమె కాగితం పట్టుకుని పిట్టల కోసం బయటికొచ్చింది. ఆ ఒక్క కారణానికే వచ్చింది. వచ్చి నా పక్కన నిలబడి, గొంతు చించుకుని అరిచింది. తనే లోపలికి పరుగెత్తి చుక్కాని తిప్పేసింది. ఓడ ఒరిగింది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. అప్పుడు తల తిప్పి చూశాను.

చిన్న చెక్క పడవ. ఇద్దరు. ఒకడు చొక్కా విప్పి ఊపుతున్నాడు. ఎప్పటి నుంచి ఊపుతున్నాడో. ముసలివాడు వల చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. మా ఓడ గోడకీ వాళ్ళకీ మధ్య మన వీధి వెడల్పు కూడా లేదు. మా అల దెబ్బకి పడవ నిలువునా లేచి పడింది. తెడ్లు పోయాయి. మనుషులు మిగిలారు. కెప్టెను ఓడ ఆపించి, వాళ్ళకి తెడ్లూ నీళ్ళూ దింపాడు.

చొక్కా ఊపినవాడు పైకి చూసి నన్ను తిట్టాడు. వాడి భాష నాకు రాదు. ప్రతి మాటా అర్థమైంది.

ఆఫీసరమ్మ మళ్ళీ బయటికొచ్చింది. "నీ ఎదురుగానే ఉన్నాడు కదా అన్నా!" అంది. ఎదురుగా కాదమ్మా, పక్కన, అన్నాను. తర్వాత ఆమెను చెయ్యి ఊపుతూ రమ్మన్నాను. ఎడమ కన్నుతో చూస్తే ఆ చెయ్యి దాదాపు నా ముక్కు దగ్గరికి వచ్చేదాకా లేదు. ఆమె ఏడ్చేసింది. నీ కవరు తీసుకెళ్ళి కెప్టెనుకు ఇచ్చాను. చదివించుకుని, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ముప్ఫై మూడేళ్ళలో ఏ కెప్టెనూ నన్ను కూర్చోమనలేదు. దాంతోనే నా పని అయిపోయిందని తెలిసింది.

కాపలా నుంచి తీసేశారు. వచ్చే రేవులో దింపి కళ్ళాసుపత్రిలో చూపిస్తారట. ఇప్పుడు తుప్పు గీకి రంగు వేస్తున్నాను. డేగన్న అని ఎవరూ పిలవడం లేదు. వద్దని నేను చెప్పలేదు, వాళ్ళే మానేశారు.

టైలరును ఆ రెండో కవరు చించెయ్యమను.

ఒక్కటి అడుగుతాను. ఆరేళ్ళ కింద ఆ వాక్యం రాసి ఉంటే ఆ పడవ నాకు కనపడేది. ఎందుకు రాయలేదు? నా ఉద్యోగం పోతుందనా? నేను దిగులు పడతాననా? నా మీద ప్రేమ అని మాత్రం రాయకు. నిజం రాయి.

తమ్ముడు

ఇంటి నుంచి,
ఒకే ఊపున రాస్తున్నాను, చదివి చూసుకోను

తమ్ముడూ,

ఇద్దరూ బతికారని చదివాకే కింద కూర్చున్నాను.

నిజం రాయమన్నావు. నీ ఉద్యోగం పోతుందని కాదు. నువ్వు దిగులు పడతావని కాదు. అవి నాకు నేను చెప్పుకున్నవి.

నాన్న చూపు పోయాక కుర్చీలు అల్లే చోట పని దొరికింది. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తీసుకురావాలి. అమ్మకు నువ్వు చంకలో. నాకు పదేళ్ళు. బడి మానిపించారు. తొమ్మిదేళ్ళు నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది. మంచివాడే, ఎప్పుడూ కసరలేదు. కానీ ఆ చెయ్యి బరువురా. గుంత ఉంది నాన్నా, మెట్టు ఉంది నాన్నా, ఎడమకి జరుగు నాన్నా. ఆటలాడే పిల్లల పక్కనుంచి తల తిప్పకుండా నడవాలి, నేను తల తిప్పితే ఆయన తూలేవాడు. నా భయాలన్నీ అక్కడే మొదలయ్యాయనుకుంటాను. ప్రపంచమంతా గుంతలూ మెట్లే.

డాక్టరమ్మ నీ సంగతి అనగానే నాకు నువ్వు గుర్తురాలేదు. నా భుజం గుర్తొచ్చింది. వాడూ ఇంటికొస్తాడు, వాడి చెయ్యి కూడా నా మీదే పడుతుంది, ఈసారి నడిపించే నాకూ చూపు సగమే, అనుకున్నాను. చెప్తే వస్తావు. చెప్పకపోతే సముద్రం మీద ఉంటావు. అంతే. చెప్పలేదు. ప్రతి ఉత్తరంలో దోమల గురించి అంతంత రాసింది దీన్ని రాయకుండా ఉండడానికే.

నువ్వు గుడ్డివాడివి అవుతావని తెలిసి కూడా ఊరుకున్నానా అంటే, అవును. అవవులే అనుకుంటూ ఊరుకున్నాను.

ఇది రాశాక నాకు ఉత్తరం రాయడం మానేస్తే అర్థం చేసుకుంటాను.

అక్క

ఆసుపత్రి నుంచి,
మూడో రోజు

అక్కా,

పెట్టెలో గడ్డం ఆనించాను. నేను కూడా అన్నీ నొక్కాననుకున్నాను.

ఎడమ కన్ను పక్క భాగం పోయింది, తిరిగి రాదు. కుడి కన్ను ఇప్పుడే మొదలు. దాన్ని కాపాడవచ్చన్నారు. చుక్కలు రాశారు, ఎడమ కంటికి చిన్న కోత కూడా పెట్టారు. నన్ను నేనే నడిపించుకోగలను. ఎవరి భుజమూ అక్కర్లేదు.

నీ ఉత్తరం మన భాష వచ్చిన నర్సు చేత చదివించుకోవడం మొదలుపెట్టాను, రెండు కళ్ళకీ కట్టు ఉంది కదా. మొదటి పేజీ కాగానే వద్దని, కట్టు విప్పేదాకా ఆగి నేనే చదివాను.

కోపంగా ఉంది. తగ్గిందని అబద్ధం చెప్పను. తగ్గుతుందో లేదో తెలీదు. నేను బడికి వెళ్ళిన దారిలోనే నువ్వు నాన్నను తీసుకెళ్ళేదానివి. నేను ముందు పరుగెత్తి పోయేవాణ్ణి. ఒక్కరోజు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అప్పుడు నా కళ్ళు బాగానే ఉన్నాయి. అదీ గుర్తొస్తోంది. రెండూ ఒకేసారి గుర్తొస్తున్నాయి, ఏం చెయ్యను.

కొత్త నెల మొదటి శుక్రవారం మధ్యాహ్నం రేవులో దిగుతాను. కంపెనీ ప్రయాణికుల ఓడ ఎక్కిస్తోంది. మీ షాపు వెనక వీధిలో గది దొరుకుతుందేమో టైలరును అడుగు. మీ ఇంట్లో ఉండను. రేవుకి రానక్కర్లేదు.

తమ్ముడు

ఇంటి నుంచి,
శుక్రవారానికి ముందే చేరాలని

తమ్ముడూ,

గది దొరికింది. కిటికీ రోడ్డు వైపు. మెట్లు లేవు, మెట్లు లేనిదే కావాలని నేను వెతకలేదు, అది అలా దొరికిందంతే.

రేవుకి వస్తాను. వద్దన్నా వస్తాను. చెయ్యి పట్టుకోను, సంచీ మొయ్యను, తిన్నావా అని అడగను. నీ కోపం నీ దగ్గరే ఉండనీ, దాన్ని కూడా దింపుకుని రా.

కాకపోతే జనం ఎక్కువగా ఉంటారు. నీకు ఎడమ పక్క కనపడదు, నాకు రెండు పక్కలా సరిగ్గా కనపడదు. ఇద్దరం పక్కపక్కనుంచే ఒకళ్ళనొకళ్ళు దాటి వెళ్ళిపోగలం. నేను గేటుకి నడిమధ్యలో నిలబడతాను, ఎవరు తోసినా జరగను.

పక్కనుంచి రాకు. నేరుగా నాకు ఎదురుగా రా.

అక్క